పదిహేడు తులాల వెండి

ప్రవక్తల కాలం – 9

పొలం కొనడానికి అంతకంటే పాడు రోజు దొరకదు. క్రీ.పూ. 587వ సంవత్సరం. యెరూషలేము గోడలకు ఆనించి బబులోను సైన్యం మట్టి దిబ్బలు పోస్తోంది. దిబ్బ గోడ ఎత్తుకు చేరిన రోజు ఊరి పని అయిపోయినట్టేనని లోపలున్న వాళ్ళందరికీ తెలుసు. రొట్టె కొలిచి పంచుతున్నారు. అమ్మకానికి వచ్చిన పొలం ఊరికి ఈశాన్యంగా గంట నడక దూరంలో, శత్రువు అదుపులో ఉన్న నేల మీద ఉంది. అమ్మేవాడు దాన్ని ఎందుకు వదిలించుకుంటున్నాడో వేరే చెప్పక్కర్లేదు. కొనేవాడేమో ఖైదులో ఉన్నాడు. శత్రువుతో కలిసిపోయాడన్నది ఆయన మీద అభియోగం. పెళ్ళి లేదు, పిల్లలు లేరు, వయసు యాభై దాటింది. పైగా ఈ ఊరు కూలిపోతుందని నలభై ఏళ్ళుగా వీధుల్లో నిలబడి చెబుతున్నది ఆయనే.

ఆ పొలం ఆయనే కొన్నాడు. బేరమాడిన జాడ కూడా కనబడదు. పదిహేడు షెకెళ్ళ వెండి తూచి ఇచ్చి, దస్తావేజు రాయించి, సాక్షుల చేత సంతకాలు పెట్టించి, దాన్ని మట్టి కుండలో దాచమన్నాడు.

ఆయన పేరు యిర్మీయా. యిర్మీయా గ్రంథం 32వ అధ్యాయంలోని సంగతి ఇది. హెబ్రీ ప్రవక్తల గ్రంథాల్లో ఆశను చూపే దర్శనాలు చాలా ఉన్నాయి. ఎండిన ఎముకలు లేచి నిలబడతాయి, తోడేలు గొర్రెపిల్ల పక్కన పడుకుంటుంది. నాకు మాత్రం వాటన్నిటికంటే ఈ క్రయ పత్రమే గట్టిదనిపిస్తుంది. అదెందుకో తెలియాలంటే అంతకు ముందు ఆ ఊళ్ళో ఏం జరిగిందో చూడాలి.

అష్షూరు రాజు సన్హెరీబు క్రీ.పూ. 701లో యూదా పల్లెలన్నీ తగలబెట్టుకుంటూ యెరూషలేము దాకా వచ్చి, ఊరిని పట్టుకోకుండానే వెనుదిరిగిన కథతో గత భాగం ఆగింది. ఆ గండం గడిచాక యెరూషలేము జనానికి ఒక ధీమా పట్టుకుంది. దేవుడి ఇల్లు ఇక్కడుంది, కాబట్టి ఈ ఊరికి ఏమీ కాదు అన్నది ఆ ధీమా. నూరేళ్ళు గడిచేసరికి అది మత విశ్వాసంలో భాగమే అయిపోయింది. యిర్మీయా జీవితమంతా పోరాడింది బబులోనుతో కాదు, ఈ ధీమాతో.

ఆయనది అనాతోతు. యెరూషలేముకు అయిదు కిలోమీటర్ల దూరంలో బెన్యామీను గోత్రపు నేలలో ఉన్న పూజారుల ఊరు. ఇవాళ్టికీ అక్కడి అనాతా అనే గ్రామం ఆ పేరును మోస్తోంది. సొలొమోను గద్దెనెక్కగానే అబ్యాతారు అనే ప్రధాన యాజకుణ్ణి పదవి నుంచి దించి పంపేసింది ఈ ఊరికే. అంటే రాజధానికి కూతవేటు దూరంలో ఉంటూనే రాజధాని వెలివేసిన ఊరన్నమాట. అక్కడి యాజక కుటుంబంలో హిల్కీయా కొడుకుగా పుట్టిన కుర్రవాడికి, యోషీయా రాజు పదమూడో ఏట, క్రీ.పూ. 627లో పిలుపు వచ్చింది. నేను చిన్నవాణ్ణి, నాకు మాట్లాడటం రాదని ఆయన తప్పుకోజూశాడు. కుదరలేదు.

ఆ పిలుపులో రెండు దృశ్యాలున్నాయి. మొదటిది బాదం కొమ్మ. హెబ్రీలో బాదం చెట్టు ‘షాకేద్’, కనిపెట్టి ఉండేవాడు ‘షోకేద్’. చలికాలం వెళ్ళీవెళ్ళకముందే అన్ని చెట్లకంటే ముందు పూసే బాదం కొమ్మను చూపించి, నా మాట నెరవేరేదాకా నేనూ అలాగే మేలుకుని కనిపెట్టి ఉంటానని దేవుడు అన్నాడట. మాట మీద మాట విసరడం ఈ ప్రవక్తలకు వ్యసనం. రెండోది ఉత్తరం వైపు నుంచి ఒరిగి ఉన్న, సలసల కాగుతున్న కుండ. అష్షూరు, బబులోనుల సైన్యం యూదా మీదకు ఎప్పుడు వచ్చినా ఉత్తరపు దారినే వచ్చేది. నేరుగా రావడానికి తూర్పున ఉన్నది ఎడారి.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. ప్రవక్త అంటే జోస్యుడు కాదు. జోస్యుడు చెప్పింది జరిగితే అతను గెలిచినట్టు. ప్రవక్త చెప్పిన కీడు జరిగితే ఆయన ఓడిపోయినట్టు. ఎందుకంటే ఆయన చెప్పిందే జరగకుండా చూసుకొమ్మని. యిర్మీయా కుమ్మరి ఇంటికి వెళ్ళిన కథలో ఇది తేటగా కనిపిస్తుంది. సారె మీద ఉన్న కుండ చెడిపోయింది. కుమ్మరి దాన్ని అవతల పారెయ్యలేదు. అదే మట్టిని మళ్ళీ ముద్ద చేసి ఇంకో పాత్ర చేశాడు. ఒక జనాన్ని పెకలించేస్తానని నేనన్నాక కూడా వాళ్ళు తిరిగితే నేను మనసు మార్చుకుంటానని దేవుడు చెప్పినట్టు యిర్మీయా దాన్ని వివరించాడు. మట్టి పచ్చిగా ఉన్నంతసేపే ఆ అవకాశం. ఆ తర్వాతి అధ్యాయంలోనే ఆయన కాల్చిన కూజా ఒకటి కొని, పెద్దల్ని వెంటబెట్టుకుని హిన్నోము లోయకు వెళ్ళి, వాళ్ళ కళ్ళెదుట నేలకేసి కొట్టాడు. కాల్చిన కుండ పగిలితే అతకదు. ఆ రెండు కుండల మధ్యే యిర్మీయా కథ మొత్తం నడుస్తుంది.

‘తిరిగితే’ అన్నాను. తెలుగు బైబిలు చదివేవాళ్ళకు ‘మారుమనస్సు’, ‘పశ్చాత్తాపం’ అన్న మాటలు అలవాటు. ఆ రెండూ మనసులో జరిగేవి. హెబ్రీ ప్రవక్తలు వాడే క్రియ ‘షూబ్’ కాళ్ళతో చేసేది. వెళ్తున్న దారిలో ఆగి, వెనక్కి మళ్ళి నడవడం. చిత్రమేమిటంటే దేవుడి వైపు తిరగడానికీ, దేవుడి నుంచి తిరిగిపోవడానికీ హెబ్రీలో ఒకే ధాతువు. యిర్మీయా దానితో ఆడుకున్నంతగా ఇంకెవరూ ఆడుకోలేదు. ఈ చమత్కారం చాలా భాషల్లోకి రాదు గానీ తెలుగులోకి హాయిగా వస్తుంది. ‘తిరిగి రావడం’ మనదే, ‘తిరుగుబాటు’ మనదే, ‘మాట తిరగడం’ కూడా మనదే. ఈ క్రియను కాస్త గుర్తు పెట్టుకోండి. ముందు ముందు దీనితో పని ఉంది.

యోషీయా 622లో ఆలయాన్ని శుద్ధి చేయించి, గ్రామాల్లోని విగ్రహ పూజలన్నీ తుడిచిపెట్టాడు. కానీ 609లో మెగిద్దో దగ్గర ఐగుప్తు ఫరో నెకో చేతిలో చచ్చిపోయాడు. మూడు నెలలు తిరక్కుండా నెకో తనకు నచ్చిన యెహోయాకీమును గద్దె మీద కూర్చోబెట్టాడు. కొత్త రాజు ఏలుబడి మొదట్లోనే యిర్మీయా ఆలయ ప్రాంగణంలో నిలబడి, ఇది దేవుడి ఆలయం, దేవుడి ఆలయం అని మంత్రంలా వల్లిస్తే లాభం లేదన్నాడు. పరదేశినీ, అనాథనూ, విధవరాలినీ పీడించడం మానండి, లేకపోతే ఒకప్పుడు షిలోహులోని మందిరానికి పట్టిన గతే దీనికీ పడుతుందన్నాడు.

అక్కడికక్కడే పట్టుకున్నారు. యాజకులూ, సాటి ప్రవక్తలూ మరణశిక్ష వెయ్యాలన్నారు. అప్పుడు ఊరి పెద్దలు కొందరు లేచి ఒక పాత సంగతి గుర్తు చేశారు. నూరేళ్ళ కిందట మోరెషెతు వాడైన మీకా కూడా ఈ ఊరు దున్నిన చేను అవుతుందని చెప్పాడు కదా, హిజ్కియా రాజు అతణ్ణి చంపించాడా, లేక దేవుడికి భయపడి వేడుకున్నాడా, ఆ కీడు తప్పిపోలేదా అని అడిగారు. మన గత భాగపు మీకా ఇలా న్యాయస్థానంలో పూర్వ తీర్పుగా పనికొచ్చి ఒక ప్రాణం కాపాడాడు. షాఫాను కొడుకు అహీకాము కూడా అడ్డుపడ్డాడు. అదే మాట చెప్పిన ఊరియా అనే ఇంకో ప్రవక్తకు అలాంటి అండ లేదు. అతను ఐగుప్తుకు పారిపోతే రాజు మనుషుల్ని పంపి పట్టి తెప్పించి నరికించాడు.

605లో కర్కెమీషు దగ్గర బబులోను యువరాజు నెబుకద్నెజరు ఐగుప్తు సైన్యాన్ని తుడిచిపెట్టాడు. ఉత్తరపు కుండ ఒరగడం మొదలైంది. ఆ ఏడే యిర్మీయా తన ఇరవై ఏళ్ళ మాటలన్నీ లేఖకుడు బారూకు చేత చుట్టగా రాయించాడు. తనకు ఆలయంలోకి రాకుండా నిషేధం ఉంది కాబట్టి బారూకునే పంపి ఉపవాస దినాన జనం ముందు చదివించాడు. షాఫాను కొడుకు గెమర్యా గదిలో ఆ చదువు సాగింది. కబురు రాజుకు చేరింది. మరుసటి ఏడు డిసెంబరు చలి. యెహోయాకీము చలికాలపు ఇంట్లో కుంపటి ముందు కూర్చుని ఉన్నాడు. యెహూది అనే కొలువు మనిషి మూడు నాలుగు వరసలు చదవగానే రాజు లేఖకుడి చాకుతో ఆ ముక్క కోసి నిప్పుల్లో వేసేవాడు. అలా చుట్ట మొత్తం అయిపోయింది. వద్దని గెమర్యా బతిమాలాడు. రాజు వినలేదు, బట్టలు చింపుకోలేదు, భయపడలేదు. బబులోను దినవృత్తాంతాల పలక ప్రకారం సరిగ్గా ఆ చలికాలంలోనే, సముద్ర తీరంలో ఉన్న అష్కెలోను నెబుకద్నెజరు చేతికి చిక్కి నేలమట్టమైంది. ఇటు కుంపటిలో చుట్ట కాలుతుంటే అటు పొరుగు పట్టణం కాలుతోంది.

యిర్మీయా ఏం చేశాడు? ఇంకో చుట్ట తెప్పించి, బారూకును కూర్చోబెట్టి, మొదటినుంచీ మళ్ళీ చెప్పాడు. ఈసారి ఇంకొన్ని మాటలు కలిపాడు కూడా.

ఈ గెమర్యా కల్పిత పాత్ర కాదనడానికి ఒక చిన్న మట్టి బిళ్ళ ఉంది. 1982లో యెరూషలేములోని దావీదు పురం తవ్వకాల్లో యిగాల్ షిలో బృందానికి ఒక ఇంట్లో సుమారు యాభై ముద్రలు దొరికాయి. దస్తావేజు దారానికి అద్దే పచ్చి మట్టి ముద్రలవి. ఒకదాని మీద షాఫాను కొడుకు గెమర్యా పేరు ఉంది. ఆ ముద్రలు అతికి ఉన్న పత్రాలు 586 నాటి మంటల్లో బూడిదయ్యాయి, మట్టి మాత్రం అదే మంటలో ఇటుకలా కాలి గట్టిపడి మిగిలింది. బారూకు పేరుతో కూడా ముద్రలు బయటికొచ్చాయి గానీ అవి తవ్వకంలో దొరికినవి కావు, పాతవస్తువుల అంగడిలో తేలినవి. నకిలీలని గట్టి అనుమానం. వాటిని ఇక్కడ సాక్ష్యానికి పిలవను.

597 మార్చి 16న యెరూషలేము మొదటిసారి లొంగిపోయింది. ఇంత కచ్చితంగా తేదీ చెప్పగలగడానికి కారణం 1956లో డి. జె. వైజ్‌మన్ ప్రచురించిన అదే బబులోను పలక. యెహోయాకీము అప్పటికే చనిపోయాడు. మూడు నెలలే ఏలిన అతని కొడుకు యెహోయాకీనునూ, రాజ కుటుంబాన్నీ, కంసాలుల్నీ, కమ్మరుల్నీ చెరపట్టుకుపోయారు. గద్దె మీద సిద్కియాను కూర్చోబెట్టారు. మంచివాడే కానీ పిరికివాడు. రాత్రి చీకట్లో యిర్మీయాను పిలిపించి ఏం చెయ్యమంటావని అడిగేవాడు, తెల్లారితే అధికారులకు భయపడేవాడు.

ఆ రోజుల్లో ఆశను అమ్మేవాళ్ళకు యెరూషలేములో కొదవ లేదు. హనన్యా అనే ప్రవక్త ఆలయంలో నిలబడి, రెండేళ్ళలో చెరకు వెళ్ళినవాళ్ళూ, ఆలయపు పాత్రలూ అన్నీ తిరిగొస్తాయని చాటాడు. యిర్మీయా అప్పుడు మెడ మీద కాడి వేసుకుని తిరుగుతున్నాడు, బబులోనుకు లొంగండని చెప్పడానికి. హనన్యా ఆ కాడి లాక్కుని విరగ్గొట్టాడు. జనం సంతోషించే ఉంటారు. యిర్మీయా మొదట అన్నది ‘ఆమేన్’! నువ్వు చెప్పినట్టే జరిగితే బాగుండును అన్నాడు. ఎగతాళి అందామా? నాకలా అనిపించదు. తన మాట తప్పైపోవాలని కోరుకున్న మనిషి ఆయన.

హనన్యా ఆశకూ యిర్మీయా ఆశకూ తేడా ఆయన చెరలో ఉన్నవాళ్ళకు రాసిన ఉత్తరంలో కనిపిస్తుంది. ఇళ్ళు కట్టుకోండి, తోటలు వేసుకోండి, పెళ్ళిళ్ళు చేసుకుని పిల్లల్ని కనండి, మీరున్న ఆ పట్టణం బాగు కోరండి, అది బాగుంటేనే మీరు బాగుంటారు, తిరిగి రావడానికి డెబ్బై ఏళ్ళు పడుతుంది అన్నది దాని సారాంశం. డెబ్బై అంటే, ఉత్తరం చదివిన పెద్దవాళ్ళెవరూ తిరిగి రారన్నమాట.

సిద్కియా చివరికి బబులోనుకు ఎదురు తిరిగాడు. 588 జనవరిలో ముట్టడి మొదలైంది. చుట్టుపక్కల కోటలన్నీ ఒక్కొక్కటే పడిపోయి, లాకీషు, అజేకా, యెరూషలేము మూడే మిగిలాయని గ్రంథం చెబుతుంది. 1935లో జె. ఎల్. స్టార్కీ లాకీషు కోట ద్వారం దగ్గర బూడిదలో, పెంకుల మీద సిరాతో రాసిన ఉత్తరాలు కనుగొన్నాడు. బయటి ఠాణాలోని చిన్న అధికారి ఒకడు పై అధికారికి రాసినవి. ఒకదాంట్లో, లాకీషు నుంచి వచ్చే మంటల సంకేతాల కోసం చూస్తున్నాం, అజేకా సంకేతం కనబడటం లేదు అని ఉంది. ఆ ఒక్క పెంకు చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది. ఇంకో పెంకులో, రాజధానిలో కొందరు పెద్దల మాటలు మన చేతులు బలహీనపరుస్తున్నాయన్న ఫిర్యాదు. ‘చేతులు బలహీనపరచడం’. యిర్మీయా మీద అధికారులు మోపిన నేరం సరిగ్గా అదే మాటతో గ్రంథంలో ఉంది.

ఇప్పుడు ఆ ‘తిరుగు’ క్రియ దగ్గరికి వద్దాం. ముట్టడి బిగుసుకున్న రోజుల్లో సిద్కియా ఒక ప్రకటన చేశాడు. ఊళ్ళో అప్పుల పాలై దాసులైన హెబ్రీ మగవాళ్ళనూ ఆడవాళ్ళనూ విడిచిపెట్టాలి. ఏడో ఏట దాసుణ్ణి వదిలెయ్యమని ధర్మశాస్త్రంలో ఎప్పటినుంచో ఉంది, ఎవరూ పాటించలేదు. ఇప్పుడు ఆలయంలో దూడను రెండుగా చీల్చి, పెద్దలందరూ ఆ రెండు ముక్కల మధ్యనుంచి నడిచి ఒట్టేశారు. మాట తప్పితే మా గతి ఈ దూడ గతి కావాలన్నది ఆ నడక అర్థం. దాసులు విడుదలయ్యారు. నలభై ఏళ్ళలో యిర్మీయా కళ్ళారా చూసిన ‘తిరగడం’ ఇదే అనుకోవచ్చు. ముట్టడిలో ఉన్న ఇంట్లో దాసుడంటే ఒక నోరు ఎక్కువ, కాబట్టి యజమానులకు ఇందులో లెక్కలూ ఉండి ఉంటాయి. అయినా గ్రంథం దాన్ని మంచి పనిగానే రాసింది.

అంతలో ఐగుప్తు సైన్యం బయల్దేరిందన్న వార్త. బబులోను వాళ్ళు గుడారాలు పీకి దాన్ని ఎదుర్కోవడానికి వెళ్ళారు. గోడల మీద నుంచి చూస్తే మైదానం ఖాళీ. సన్హెరీబు నాటి అద్భుతం మళ్ళీ జరిగింది! ఊరంతా ఊపిరి పీల్చుకుంది, వెంటనే ఆ పెద్దమనుషులు వీధుల్లోకి వెళ్ళి వదిలేసిన దాసుల్ని పట్టుకొచ్చి మళ్ళీ పనిలో పెట్టారు.

యిర్మీయా కోపం ఈ సంగతి రాసిన అధ్యాయంలో మండినట్టు ఇంకెక్కడా మండలేదు. ఆయన వాక్యాలు ఒకే క్రియ చుట్టూ తిరుగుతాయి: మీరు తిరిగారు, మంచి పని చేశారు, మళ్ళీ తిరిగారు, నా పేరు మైలపరిచారు, వెళ్ళిపోయిన ఆ సైన్యాన్ని నేను ఇటే తిప్పుతాను. మీరు విడుదల చాటలేదు గనుక ఖడ్గానికీ, తెగులుకూ, కరువుకూ విడుదల చాటుతున్నానని దేవుడి మాటగా చెప్పాడు. భయంతో మారిన మనసు భయం తీరగానే మారిపోయింది. నా ఉద్దేశంలో యెరూషలేము కూలింది గోడకు గండి పడిన రోజు కాదు, ఈ రోజే. కాల్చిన కుండ పగిలింది ఇక్కడే.

ఆ ఖాళీ దొరికిన కొద్ది రోజుల్లోనే యిర్మీయా బెన్యామీను నేలలో తన వాటా సంగతి చూసుకోవడానికి ఊరు దాటబోయాడు. ద్వారం దగ్గర కావలివాడు ఇరీయా, నువ్వు శత్రువుల్లో చేరబోతున్నావు అని పట్టుకున్నాడు. కొట్టి నేలమాళిగలో వేశారు. తర్వాత రాజు దయతలిచి కారాగార ప్రాంగణానికి మార్పించి, రొట్టెల వీధి నుంచి రోజుకో రొట్టె ఇప్పించాడు. నోరు మూసుకోలేదని నలుగురు అధికారులు ఆయన్ని నీళ్ళు లేని బురద గోతిలో తాళ్ళతో దించేశారు. ఆ నలుగురిలో ఇద్దరు, షెలెమ్యా కొడుకు యూకలు, పషూరు కొడుకు గెదల్యా. ఇద్దరి పేర్లూ ఉన్న మట్టి ముద్రలు ఈ శతాబ్దంలోనే దావీదు పురంలో ఐలాత్ మజార్ తవ్వకాల్లో దొరికాయి. గోతిలోంచి ప్రవక్తను పైకి లాగింది స్వజనం కాదు. ఎబెద్మెలెకు అనే కూషు దేశపు కొలువుగాడు, ఆ ఆఫ్రికా మనిషి, చంకల కింద తాడు ఒరుసుకోకుండా చింకిపాతలు కూడా కిందికి వేశాడు. అంత గందరగోళంలో ఆ పాత గుడ్డల ఆలోచన వచ్చినవాడి పేరు గ్రంథంలో నిలిచింది.

ఇదిగో, ఆ కారాగార ప్రాంగణంలోకే పినతండ్రి కొడుకు హనమేలు వచ్చాడు. బబులోను సైన్యం తిరిగొచ్చేసింది, దిబ్బలు లేస్తున్నాయి. అనాతోతులో నా పొలం కొనుక్కో, విడిపించే హక్కు నీదే అన్నాడు. యూదా నేలలో భూమి కుటుంబం చేయి దాటకూడదు. అమ్మక తప్పకపోతే దగ్గరి దాయాదికి ముందు హక్కు ఉంటుంది. దాన్ని ‘గెఉల్లా’ అంటారు. మన బైబిళ్ళలో దేవుడి పనికి వాడే ‘విమోచన’ అన్న పెద్ద మాట వెనక ఉన్నది ఇలాంటి దాయాదుల భూమి వ్యవహారమే.

ఆ వ్యవహారాన్ని గ్రంథం రిజిస్ట్రారు ఆఫీసు గుమాస్తాలా వర్ణిస్తుంది. అప్పటికి యూదాలో నాణేలు లేవు, వెండి తక్కెడలో తూచేవాళ్ళు. షెకెల్ బరువు తూనిక రాళ్ళు తవ్వకాల్లో చాలా దొరికాయి, ఒక్కోటి 11.3 గ్రాములకు కాస్త అటూ ఇటూ. తెలుగు బైబిలు అనువాదకులు షెకెల్‌కు ‘తులము’ అని రాయడం అనాలోచితం కాదు, మన తులం 11.66 గ్రాములు. పదిహేడు తులాలంటే పావు కిలో కూడా కాదు. పత్రాన్ని రెండు ప్రతులుగా రాశారు, ఒకటి చుట్టి కట్టి ముద్ర వేసింది, ఇంకొకటి తెరిచి ఉంచింది. ఎవరైనా చదువుకోవడానికి తెరిచిన నకలు. తగాదా వస్తే న్యాయాధిపతి ముందు ముద్ర పగలగొట్టి చూడటానికి మూసిన అసలు. ఇది కవి కల్పన కాదు. ఏడు వందల ఏళ్ళ తర్వాత బబతా అనే యూదు స్త్రీ తన ఆస్తి పత్రాలను మృత సముద్రం పక్కన ఒక గుహలో దాచుకుంది, 1961లో యిగాయెల్ యాదిన్ వాటిని బయటికి తీస్తే అందులోనూ ఇలా పైన మూసి కింద తెరిచి రాసిన పత్రాలున్నాయి. యిర్మీయా రెండు ప్రతులనూ సాక్షుల ముందు, ప్రాంగణంలో కూర్చున్న యూదులందరి ముందు బారూకు చేతికిచ్చి, చాలా కాలం నిలిచేలా మట్టి కుండలో పెట్టమన్నాడు. ఈ దేశంలో ఇళ్ళూ పొలాలూ ద్రాక్షతోటలూ మళ్ళీ క్రయవిక్రయాలు జరుగుతాయని దేవుడి మాటగా చెప్పాడు.

అంతా అయ్యాక ఆయన ప్రార్థనకు కూర్చున్నాడు. ఆ ప్రార్థన నాకెంతో ఇష్టం. సృష్టి నుంచి మొదలుపెట్టి ఐగుప్తు మీదుగా చరిత్ర అంతా తవ్వి, చివర్లో అసలు సంగతికొస్తాడు: దిబ్బలు గోడ దాకా వచ్చాయి, నువ్వే చూస్తున్నావు, మరి నన్ను పొలం కొనమన్నావేమిటి? వెండి ఇచ్చేశాక అడిగిన ప్రశ్న అది. ఊరు బాగున్నన్నాళ్ళూ కీడు గురించే మాట్లాడిన మనిషి, అందరికీ కీడు కళ్ళెదుట కనబడుతున్నప్పుడు విత్తనపు గింజంత ఆశ నాటాడు. అదీ ఉపన్యాసంలో కాదు, వారసులు లేని తన సొమ్ములో. హనన్యా అయితే ఆ పొలం కొనేవాడా అని ఎప్పుడూ అనుకుంటాను.

586 వేసవిలో (587 అనే పండితులూ ఉన్నారు) నాలుగో నెల తొమ్మిదో రోజున గోడకు గండి పడింది. సిద్కియా రాత్రికి రాత్రి యెరికో వైపు పారిపోతూ దొరికాడు. రిబ్లాలో అతని కళ్ళముందే కొడుకుల్ని చంపి, ఆ తర్వాత కళ్ళు తీసేశారు. నెల తర్వాత నెబూజరదాను వచ్చి ఆలయాన్నీ, రాజభవనాన్నీ, పెద్ద ఇళ్ళనూ తగలబెట్టాడు. దావీదు పురంలో ఆ బూడిద పొర, అందులో గుచ్చుకున్న బాణపు మొనలు నేటికీ చూడొచ్చు. ఆనాటి ఒక ఇంటి మరుగుదొడ్డి గుంటను పరిశోధకులు పరీక్షిస్తే నులిపురుగుల గుడ్లూ, ధాన్యం బదులు పెరటి ఆకుకూరల పుప్పొడీ కనిపించాయి. ముట్టడి ఆకలి ఇంకా అక్కడ రాసి ఉంది.

చెరకు పోయినవాళ్ళ లెక్క గ్రంథం చివర ఉంది. మూడు విడతలుగా 3,023, 832, 745, మొత్తం 4,600 మంది. బబులోను సేనాని యిర్మీయాకు ఎక్కడికైనా వెళ్ళే స్వేచ్ఛ ఇస్తే ఆయన మిగిలిన బీదలతో మిస్పాలో ఉండిపోయాడు. అక్కడి పాలకుడు గెదల్యాను (గోతిలో దించినవాడు కాదు, వేరే మనిషి) సొంతవాళ్ళే హత్య చేశాక, బెదిరిన జనం ఐగుప్తుకు పరుగెత్తారు. వద్దు వద్దంటున్నా ప్రవక్తనూ, బారూకునూ లాక్కుపోయారు. తహపనేసు పట్టణంలో ఆయన చివరిగా కనిపిస్తాడు, అప్పటికీ వాదిస్తూనే. తన పొలంలో ఒక్క చాలు కూడా దున్నలేదు.

ఆయన ఉత్తరం మాత్రం చేరాల్సిన చోటికి చేరింది. బబులోను రాజభవనపు శిథిలాల్లో దొరికిన, 1939లో వైడ్నర్ ప్రచురించిన మట్టి పలకల్లో, యూదా రాజు యెహోయాకీనుకూ అతని అయిదుగురు కొడుకులకూ నూనె కొలిచి ఇచ్చిన లెక్కలున్నాయి. ఇంకా ఆశ్చర్యం ‘ఆల్ యాహూదు’ పలకలు. యూదా ఊరు అని ఆ పేరుకు అర్థం, బబులోను నేల మీదున్న పల్లె. 2014లో అచ్చయిన ఈ పలకల్లో మొదటిది క్రీ.పూ. 572 నాటిది, అంటే ఊరు కాలిన పదిహేనేళ్ళలోపే. యాహు అన్న దేవుడి పేరు కలిసిన మనుషులు అక్కడ పొలాలు కౌలుకు తీసుకుంటున్నారు, పన్నులు కడుతున్నారు, పెళ్ళి ఒప్పందాలు రాయించుకుంటున్నారు. ఒక్కటీ ప్రార్థన కాదు, అన్నీ సాక్షులున్న దస్తావేజులే.

539లో పారసీక రాజు కోరెషు బబులోనును పట్టుకున్నాడు. వెళ్ళాలనుకున్నవాళ్ళు వెళ్ళొచ్చన్నాడు. చాలామంది వెళ్ళలేదు, ఇళ్ళూ తోటలూ అక్కడే వేళ్ళూనాయి. వెళ్ళినవాళ్ళ పట్టీ ఎజ్రా గ్రంథం రెండో అధ్యాయంలో ఉంది. చదవడానికి ఓపిక కావాలి, వరసగా ఊళ్ళ పేర్లూ అంకెలే. నెటోపా వాళ్ళు 56 మంది. అజ్మావెతు వాళ్ళు 42 మంది. ఆ రెంటి మధ్య ఒక పంక్తి, అనాతోతు వాళ్ళు 128 మంది.

(వచ్చే భాగంలో: కెబారు కాలవ ఒడ్డున యెహెజ్కేలు)